రెండుసార్ల సారు

పెద్దసారుకు ఏదైనా ఒక్కసారి చెబితే చాలదు. ఎంతటివాళ్లయినా రెండోసారి చెప్పాల్సిందే. పోనీ చెవుడా అంటే, పాముచెవులు. ఉన్న రోగమల్లా చాదస్తం.

"టీ పెట్టనా?" అంటుంది భార్య.

"మళ్ళీ చెప్పు."

"టీ పెట్టనా మహానుభావా?"

"ఆఁ, పెట్టు."

పరీక్ష తప్పానని కూతురు వెక్కివెక్కి ఏడుస్తూ చెప్పినా "మళ్ళీ చెప్పు" అన్నాడు. పాపం, ఆ పిల్ల ఏడుపు కూడా మొదటినుంచి ఎత్తుకుంది.

ఆయన ఆఫీసు కంట్రోల్ రూములో కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయికి ఈయనతో తల ప్రాణం తోకకొచ్చింది. వాళ్లు నడిపే వ్యోమనౌక ఆ అమ్మాయి పుట్టకముందే ఎగిరింది. పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల కాపు కాసి, సూర్యుడి నుంచి వీచే గాలిలోని విద్యుత్కణాలను లెక్కబెడుతుంది. వాటి వేగమెంత, వేడెంత, ఎంత దట్టంగా వస్తున్నాయి, అన్నీ చెబుతుంది. ముసలిదైపోయి ఈమధ్య లెక్క తగ్గుతోంది. అందుకని కణాలను పట్టే పరికరానికి అప్పుడప్పుడూ వోల్టేజి ఒక్క మెట్టు పెంచాలి. ఎక్కువ పెంచితే అది కాస్తా మాడిపోతుంది.

ఆదేశం చదివేది కొత్తమ్మాయి. మీటలు నొక్కేది, పాతికేళ్లుగా ఆ పనే చేస్తున్న మీటలక్క.

"వోల్టేజి ఒక మెట్టు పైకి."

"మళ్ళీ చెప్పు," అంటాడు సారు వెనకనుంచి. "అక్కకు చెప్పు, గోడకు కాదు."

"సార్, నౌకతో మాట్లాడేదే రోజుకు నలభై నిమిషాలు. సగం మీ మళ్ళీలకే పోతోంది!"

"ఏంటీ? మళ్ళీ చెప్పు."

ఒళ్లు మండి, ఈ పద్ధతి ఎత్తెయ్యమని పై ఆఫీసుకు ఉత్తరం రాసిపారేసింది. సోమవారం నుంచి ఎత్తేస్తున్నామని జవాబొచ్చింది.

ఈలోగా శుక్రవారం సారు జలుబు చేసి ఇంట్లో ఉండిపోయాడు. కొత్తమ్మాయికి పండగే. తెర మీంచి చూపు తిప్పకుండా ఆదేశం గడగడా చదివేసింది. మీటలక్క కదల్లేదు.

"ఇటు తిరిగి చెప్పమ్మా. నా ఎడమ చెవి పోయి ఎనిమిదేళ్లయింది. రెండోసారి చెప్పేటప్పుడు అందరూ నా మొహంలోకి చూస్తారు, పెదాలు చూసి పట్టేస్తాను. సారుకు నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఈ పద్ధతి మాత్రం ఆ నెలలోనే పెట్టారు. సోమవారం నుంచి ఈ కుర్చీలో నన్నెవరు ఉంచుతారు?"

కొత్తమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది. కాసేపు ఆలోచించి, లేచి, కుర్చీ పట్టుకు లాగింది.

సాయంత్రం సారు ఇంటికి వెళ్లింది. "అక్క కుర్చీని నా కుడిపక్క నుంచి ఎడమపక్కకు మార్చాను సార్. మంచి చెవి ఇప్పుడు నా వైపుంది. ఆరు ఆదేశాలు ఒక్కోసారే చెప్పాను, ఒక్కటీ తప్పలేదు."

సారు దుప్పట్లోంచి లేచి కూర్చున్నాడు.

"ఎనిమిదేళ్లు," అన్నాడు. "నా బుర్రకు తట్టనేలేదు."

టీ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "మరి ఇంట్లో మా ప్రాణాలెందుకు తోడేశారు?"

"ఒక్క ఆఫీసులోనే అడిగితే ఆవిడ కోసమేనని పసిగట్టరూ? చాదస్తమన్నాక అన్నిచోట్లా ఉండాలి."

"నా కర్మ! కుర్చీ జరిపితే పోయేదానికి ఎనిమిదేళ్లా!" అని తలబాదుకుని, ఆయన గ్లాసులో ఇంకో చెంచా పంచదార వేసుకురావడానికి లోపలికి వెళ్లింది.