జెండాలు కట్టిన శుక్రవారం

మొన్న మెల్బోర్న్ శివార్లలోని వెర్రిబీ స్టేషన్ దగ్గరున్న అఫ్ఘాన్ల కిరాణా కొట్లోకి గోధుమపిండి కోసం వెళ్తే, తలుపు తీయగానే ఎండు నిమ్మకాయల వాసన గుప్పుమంది. నల్లగా, డొల్లగా, ఊపితే లోపల గింజలు గలగలమనే ఆ కాయల్ని ఇరాన్ వాళ్ళు పులుసుల్లో వేస్తారు. మా అమ్మ వాటిని మొదటిసారి చూసింది పక్కింటి పర్వీన్ ఆంటీ ప్రేమగా గిన్నెనిండా తెచ్చిచ్చినప్పుడు. ఆంటీ గుమ్మం దాటేదాకా నవ్వుతూ నిలబడి, ఆ తర్వాత నా చెవిలో "పాడైపోయినయ్యి మనకిచ్చిందేందే ఈవిడ" అంది. వారం తిరక్కుండా అవే కాయలు మా పప్పుచారులో పడ్డాయి. కొట్లో ఆ గోనెసంచి ముందు నిలబడి, పిండి సంగతి మరిచిపోయి, నేను మా చిన్నప్పటి వీధిలోకి వెళ్ళిపోయాను.

మాది గుంటూరు జిల్లా, దూదేకుల వాళ్ళం. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష లేదు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోయి కూలబడతాయని లోకం హడలెత్తిపోతున్న రోజుల్లో, పాత కోబాల్ ప్రోగ్రాములు చదవగలిగిన మా నాన్న మస్తాన్‌వలికి మెల్బోర్న్‌లో ఉద్యోగం దొరికింది. నాకప్పుడు పదేళ్ళు. మసీదులో హైదరాబాదు వాళ్ళు ఉర్దూలో పలకరిస్తే నాన్న తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు. వాళ్ళు మమ్మల్ని కాస్త జాలిగా చూసేవాళ్ళు. అందుకేనేమో మాకు స్నేహాలు మసీదులో కాకుండా వీధిలో కుదిరాయి.

వీధంటే పెద్ద వీధేం కాదు. ఒక కొస మూసుకుపోయిన ఆ దారి చివర మూడిళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండేవి. ఎండాకాలం డిసెంబరులో వచ్చేది, అదే మా అమ్మకు పెద్ద వింత. ఉత్తరపు గాలి వీచిందంటే మొహాలు మాడిపోయేవి, ఈగలు నోట్లో దూరేవి, క్యాబేజీ పొలాల మీదుగా మురుగునీరు శుద్ధిచేసే చోటి వాసన వచ్చేది. సాయంత్రానికి సముద్రపు గాలి తిరిగిందంటే స్వెటర్లు వెతుక్కునేవాళ్ళం. చెత్తడబ్బాని వికెట్లుగా పెట్టి, ఐస్‌పుల్లలు చప్పరిస్తూ చీకటి పడేదాకా క్రికెట్ ఆడేవాళ్ళం. నాకు బౌలింగ్ ఇవ్వకపోతే బంతి ఎత్తుకుని ఇంట్లోకి పోయేదాన్ని. నాతో సమంగా పోట్లాడేవాడు పర్వీన్ ఆంటీ కొడుకు ఆరష్.

ఆరష్ వాళ్ళ నాన్న బెహ్రూజ్ అంకుల్ ఇరాన్‌లో లెక్కల మాస్టారు, ఇక్కడ ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. పెద్ద మీసాలు, చిన్న మాట. ఎదురింటి సల్మా ఆంటీ పాలస్తీనా ఆవిడ. ఆంటీ భర్త లారీ నడుపుతూ నెలలో సగం రోజులు ఊళ్ళమీదే ఉండేవాడు. ఆవిడ పుట్టింది జోర్డాన్‌లో కాందిశీకుల శిబిరంలో, కాపురం చేసింది కువైట్‌లో, అక్కడి యుద్ధం అయ్యాక పాలస్తీనా వాళ్ళందరినీ వెళ్ళగొడితే వచ్చిపడింది ఇక్కడ. అయినా మీ ఊరేదంటే, జెరూసలేం పక్కన, నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేదని తండ్రి చెప్పిన పల్లెటూరి పేరే చెప్పేది. ఆ ఊరిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఇప్పుడది లేదు కూడా.

వచ్చిన మొదటి ఏడాది రంజాన్ మండుటెండల్లో పడింది. పొద్దు ఎంతకీ గుంకేది కాదు. శుక్రవారాలు మూడిళ్ళూ మా కారు షెడ్డులో కలిసి ఇఫ్తార్ చేయాలని ఎవరన్నారో గానీ, అది అలవాటైపోయింది. అమ్మ గంజి కాచి, మిరపకాయ బజ్జీలు వేసేది. సల్మా ఆంటీ అన్నం కుండను పళ్ళెంలో బోర్లించి, వంకాయలు, కోడిముక్కలు పైకి వచ్చేలా కోటలా నిలబెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళ చేత చప్పట్లు కొట్టించుకునేది. పర్వీన్ ఆంటీ అన్నం అడుగున పట్టిన బంగారు రంగు మాడును పెచ్చులుగా తీసి అతిథులకే ముందు పెట్టేది. మా అమ్మ అది చూసి, "మాడిందంతా మనకి పెట్టి మంచిదంతా దాచుకుంటన్నారు" అని గొణుక్కుని, ఒక పెచ్చు కొరికాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బెహ్రూజ్ అంకుల్ ఉపవాసం ఉండేవాడు కాదు, కానీ అందరూ ఖర్జూరం నోట్లో వేసుకునేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. తర్వాత సల్మా ఆంటీ సేజ్ అనే వాసనాకు వేసి టీ పెడితే, ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగేవాడు. ఆ ఇద్దరూ వచ్చీరాని ఇంగ్లీషులో పోట్లాడుకునేది ఒక్క వంకాయ గురించే: అది ఎవరి దేశానిదని.

రెండువేలు వచ్చింది, ఏమీ కూలలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టామని నాన్న నవ్వాడు గానీ, ఏడాది గడిచేసరికి పనులు పలచబడి, ఇంట్లో ఉండే రోజులు ఎక్కువయ్యాయి. మళ్ళీ రంజాన్ వచ్చేసరికి సల్మా ఆంటీ ఇంట్లో టీవీ ఆగేది కాదు. పాలస్తీనాలో గొడవలు మొదలయ్యాయి, కర్ఫ్యూలు పెట్టారు, ఆవిడ చెల్లెలు పిల్లలతో ఆ మధ్యలోనే ఉంది. ఫోన్ మోగితే ఆవిడ గిన్నె కింద పడేసి పరిగెత్తేది. శుక్రవారాలు వచ్చేది, వండేది, ఎవరినీ చప్పట్లు కొట్టమనేది కాదు.

రంజాన్ చివరి శుక్రవారాన్ని ఖుద్స్ రోజంటారు. ఖుద్స్ అంటే జెరూసలేం. ఆ రోజున పాలస్తీనా కోసం ఊరేగింపు తీయాలనేది ఇరాన్‌లో విప్లవం తర్వాత అక్కడి ప్రభుత్వం పెట్టిన ఆనవాయితీ. మెల్బోర్న్‌లో కూడా కొందరు నడిచేవాళ్ళు. ఆ ఏడు సల్మా ఆంటీ మూడిళ్ళ వాళ్ళనూ రమ్మంది. "నా పక్కన నా వీధి వాళ్ళు నడిస్తే చాలు, ఇంకేం అడగను" అంది. నాన్న వెంటనే సరేనన్నాడు. బెహ్రూజ్ అంకుల్ ఆరోజు ఫ్రిజ్ పనుందన్నాడు. నాన్న దాన్ని నిజంగానే ఫ్రిజ్ పని అనుకున్నాడు.

నాన్నను తప్పుపట్టలేను. ఆయనకు ఇరాన్ అంటే తెలిసింది మా ఊరి పీర్ల పండుగ నుంచి. హసన్ హుస్సేన్ల పేరు చెప్పి నిప్పులగుండం తొక్కే ఊళ్ళో పుట్టినవాడు, ఆ హుస్సేన్ కోసం దేశమంతా ఏడుస్తుందని విని ఇరాన్ మీద ఎనలేని గౌరవం పెంచుకున్నాడు. టీవీలో టెహ్రాన్ వీధుల్లో పాలస్తీనా జెండాలతో లక్షలాది జనాన్ని చూసి, ఇరాన్ వాడికి ఇంతకన్నా ఇష్టమైన రోజు ఉండదనుకున్నాడు. మా వైపు ఇంటికొచ్చే మనిషిని గొప్ప చేయాలంటే తోరణం కట్టాలి. అందుకని గురువారమంతా నన్ను కూర్చోబెట్టుకుని, మైదా జిగురు ఉడికించి, రంగుకాగితాలు కత్తిరించి, పురికొసకు ఒక పాలస్తీనా జెండా, ఒక ఇరాన్ జెండా చొప్పున అంటించాడు. అట్లాసులో చూసి ఇరాన్ జెండా మధ్యలో ఉండే ఎర్రటి గుర్తును స్కెచ్ పెన్నుతో ప్రతి దాని మీదా వేసింది నేనే. "జాగర్తగా ఎయ్యమ్మా, అంకుల్ చూసి ఎంత మురిసిపోతాడో" అని నాన్న ఒకటికి పదిసార్లు అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నాన్న, సల్మా ఆంటీ నగరానికి వెళ్ళి నడిచొచ్చారు. షెడ్డులో తోరణం చూసి ఆవిడ నిలబడిపోయి, చున్నీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పొద్దు వాలుతుండగా బెహ్రూజ్ అంకుల్ అన్నం గిన్నె పట్టుకుని, వెనక పర్వీన్ ఆంటీ, ఆరష్ రాగా లోపలికొచ్చాడు. తలెత్తి చూశాడు. గిన్నె బల్ల మీద పెట్టాడు.

"మస్తాన్, వాటిని తీసెయ్" అన్నాడు మెల్లగా.

నాన్న తెల్లబోయాడు. "అదేందండీ, మీ జెండానే కదా అని..."

"ఎందుకు తీయాలి?" అంది సల్మా ఆంటీ. "ఇన్ని దేశాలున్నాయి, మా పేరు గట్టిగా పలికింది మీరొక్కళ్ళేగా."

"పలుకుతారు. మీ పేరు చెప్పి మా పిల్లల్ని తీసుకుపోయారు." అంకుల్ గొంతు పెంచలేదు. "ఇరాక్‌తో యుద్ధంలో, ఇటు నుంచి పోతే జెరూసలేం వస్తుందని చెప్పారు నా తమ్ముడికి. నీ ఊరి పేరు రాసిన గుడ్డ నుదుటికి కట్టుకుని పోయాడు. పదిహేడేళ్ళ పిల్లాడు. అది ఎటువైపుందో కూడా వాడికి తెలియదు. ఇదిగో, ఈ గుర్తున్న జెండాలో చుట్టి తెచ్చారు. వాణ్ణి చంపించిన ఆ ఇరాక్ అధ్యక్షుడి బొమ్మలు తర్వాత మీ వాళ్ళే ఇళ్ళల్లో పెట్టుకున్నారు."

సల్మా ఆంటీ పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, మైళ్ళు నడిచొచ్చిన మనిషి, చెల్లెలి కబురు తెలియక రోజులు లెక్కపెడుతున్న మనిషి. "మేం పంపమన్నామా?" అంది.

రేడియోలో అజాన్ మొదలైంది. బెహ్రూజ్ అంకుల్ ఆరష్ భుజం మీద చెయ్యేసి బయటికి నడిచాడు. పర్వీన్ ఆంటీ ఒక్క ఖర్జూరం తీసుకుని, నోట్లో వేసుకోకుండా పిడికిట్లో పట్టుకుని, వాళ్ళ వెనకే వెళ్ళిపోయింది. నాన్న స్టూలెక్కి తోరణం విప్పేశాడు. అన్నం పారేయడం పాపమని అమ్మ అంకుల్ వదిలెళ్ళిన గిన్నె మూత తీసి మాకు వడ్డించింది. తిన్నాం.

ఆ తర్వాత మూడిళ్ళకూ పరదాలు దిగాయి. నాన్న రెండుసార్లు అంకుల్ దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటే, ఆయన నాన్నను కౌగిలించుకుని పంపాడు గానీ, సల్మా ఆంటీ ఉన్న చోటికి రాలేదు. ఆవిడా వెళ్ళలేదు. చెత్తడబ్బాలు బయట పెట్టడానికి ఇద్దరూ ఒకే వేళకు వస్తే, ఒకరు లోపలికి వెళ్ళేదాకా ఇంకొకరు ఆగేవాళ్ళు. మా క్రికెట్ కొన్నాళ్ళు సాగి, దానంతటదే ఆగిపోయింది. సల్మా ఆంటీ కాన్‌బెర్రా వెళ్ళిపోయిన రోజున కూడా బెహ్రూజ్ అంకుల్ వాళ్ళ తలుపు తెరుచుకోలేదు. కిటికీ దగ్గర మనిషి నీడ మాత్రం కనిపించింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, ఇప్పటికీ వస్తుంది.

బెహ్రూజ్ అంకుల్ పోయిన చలికాలంలో చనిపోయాడు. పర్వీన్ ఆంటీ అంతకు ముందే పోయింది. సల్మా ఆంటీ ఇప్పుడు కాన్‌బెర్రా శివార్లలోని గంగాలిన్‌లో కొడుకు దగ్గర ఉంటోంది, ముసలిదైపోయింది. చెప్పాలో వద్దో తెలియక రెండు రోజులు ఊరుకుని, చివరికి ఫోన్ చేశాను. బెహ్రూజ్ అంకుల్ పోయాడని చెప్పాను.

"ఆయన తమ్ముడి పేరేంటమ్మా?" అంది. "ఆరోజు అడగలేదు. అడగాల్సింది అదే. చిన్న పిల్లాడు, మా ఊరికని బయల్దేరి పోయాడు. అన్నదమ్ములిద్దరికీ కలిపి దువా చేస్తాను, పేరు కనుక్కో."

నాన్నను అడిగితే తెలియదన్నాడు, అమ్మకూ తెలియదు. ఆరష్‌కి ఫోన్ చేశాను. వాడు ఇంగ్లీషులో, డాడ్ ఎప్పుడూ పేరు పలికేవాడు కాదు, మై బ్రదర్ అనేవాడంతే అన్నాడు. ఇరాన్‌లో ఒక మేనత్త ఉందట, కానీ ఇప్పటి గొడవల్లో ఫోన్లు కలవడం లేదట, అసలు ఉందో లేదో కూడా తెలియదట.

మా వీధిలో ఇప్పుడు వేరే మనుషులున్నారు. మా షెడ్డును పడగొట్టి గది కట్టారు. పిల్లలు ఇళ్ళల్లోనే ఆడుకుంటారు, శుక్రవారాలు ఎవరి గుమ్మంలోకీ ఎవరూ గిన్నెలు మోసుకుపోరు. సల్మా ఆంటీ ప్రతి శుక్రవారం నాకు ఫోన్ చేసి, పేరు తెలిసిందా అని అడుగుతుంది. ఇంకా లేదు ఆంటీ, అంటాను.