పేరొచ్చే జాగ

మా పక్కింటి పెద్దమ్మ మొన్న సోమవారం పోయింది. నేను బడికి తయారైతుంటే ఆమె చెల్లెలు వాకిట్లకొచ్చి "అక్క లేస్తలేదు, జర రా" అన్నది. పోయి చూస్తే చెయ్యి సల్లగున్నది.

బొంతలు కుట్టుట్ల ఆమెకు సాటి జహీరాబాద్‌ల ఎవలూ లేరు. నోట్ల పాట లేంది సూది పట్టకపోయేది. అంచు నుంచి మొదలువెట్టి నడిమి దాక చుట్టూ తిప్పుకుంట కుట్టేది. పాట ఎట్ల నడిస్తే కుట్టు గట్ల నడవాలె, ఊపిరి తీసుకున్న కాడ దారం మలగాలె. "పాట లేని బొంత సలికి ఆగదే" అనేది. నా కుట్టు చూసి "గిది కుట్టా, కోడి గీరిందా?" అని నవ్వేది.

ఆమెకు ఒక్కడే కొడుకు. చిరాగ్‌పల్లి కాడ లారీ కింద పడి పోయిండు. అటెన్క వాని పేరు ఆమె నోట రాలే. వాని అంగీలన్ని కలిపి ఒక బొంత కుట్టింది, చిన్నప్పుడు వానికి పాడిన జోలపాటతోని.

ఎమర్జెన్సీ పోయిన ఏడు పట్నం మేడమ్‌లు మా బడి హాల్ల పాటల బొంతల ఎగ్జిబిషన్ పెట్టిన్రు. రాయికోడ్ దిక్కు ఆడోళ్లు గూడ తమ బొంతలు తెచ్చిన్రు. బతుకమ్మ పాటకు రంగుల గుండ్రాలు, డప్పు దెబ్బకు ఒక పెద్ద కుట్టు, రెండు చిన్న కుట్లు. పెద్దమ్మ కుట్టిన ఆ అంగీల బొంత నేనే అడిగి తెచ్చిన. నడిమిట్ల చెయ్యెడల్పు జాగ ఉత్తగున్నది. కండ్లు ఆనక ఇడిసిపెట్టిందనుకున్న. పంతులమ్మను కదా, నాకు తెల్వందేముంది! పట్నపోళ్ల ముందట నామోషీ అని ఆ జాగంత ఎర్ర దారంతోని నింపేసిన.

తెల్లారి పెద్దమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చింది. గోడకున్న తన బొంతను చూసి మురిసింది. లోపల్లోపల పాడుకుంట, కుట్ల మీద వేలు నడుపుకుంట నడిమికి వచ్చి ఆగింది.

"ఈడ ఎవలు కుట్టిన్రు?"

"నేనే పెద్దమ్మా. మరిచిపోయినవనుకున్న."

"జోలపాట ఆఖర్ల పిల్లగాని పేరు కలుపుతం గదా. ఇది వాని పేరొచ్చే జాగ బిడ్డా. నోట రాకనే ఇడిసిపెట్టిన. నువ్వెట్ల మూసినవే?"

తిట్టలే. తిట్టినా బాగుండు. విప్పుత అంటే "ఉండనీ" అని మడత పెట్టి తీస్కపోయింది. మళ్ల ఆ ఇంట్ల పాట వినబడలే.

అటెన్క నేను టైఫాయిడ్‌తోని దవాఖానల పడితే, మంచం కాడ పది రోజులు కూసున్నది ఆమెనే. అసొంటి మనిషికి నేనేం చేసిన? ఆ బొంత తే పెద్దమ్మా, విప్పి ఇస్తనని ఇన్నేండ్లల్ల ఒక్కసారి అడగలే. సిగ్గయి ఊకున్న. థూ, నా బతుకు!

సోమవారం పాడె మీద ఆ బొంతనే కప్పిన్రు. కప్పుమని ముందే చెప్పుకున్నదంట. నేను కత్తెర పట్టుకొని పాడె పక్కన కూలబడ్డ. జర ఆగుండ్రి, జర ఆగుండ్రి అనుకుంట నా కుట్లు ఒక్కొక్కటే తెంపుతున్న. సగం గూడ కాలే. "పొద్దెక్కుతుంది, లే టీచరమ్మా" అని మగోళ్లు పాడె ఎత్తిన్రు. తెంపినకాడికి ఎర్ర దారం బొంత మీద వేలాడుకుంటనే పోయింది.