సొరకాయ తినని ఇల్లు

మా నాన్న పోయినప్పుడు పదోరోజున గుండు గీయించుకున్నది నేనొక్కణ్ణే. మావైపు పోయిన మనిషికంటే చిన్నవాళ్ళైన పాలోళ్లందరూ, అంటే తండ్రివైపు రక్తసంబంధీకులు, వరసగా కూచుని గీయించుకుంటారు. మాకు పాలోళ్లు లేరు. "పాపం, ఒంటికాయ సొంటికొమ్ము" అని వెనకాల ఎవరో అన్నారు. ఎగతాళికి కాదు, జాలిపడే అన్నారు. ఆ జాలికే నాకు ఒళ్ళు మండింది.

దోహాకి తిరిగొచ్చాకా ఆ మంట చల్లారలేదు. అల్ సద్‌లో ఒక ఆఫీసు బిల్డింగులో ఏసీలు చూసుకునే డ్యూటీ నాది, అల్ ముంతజాలో రూము. శుక్రవారం వచ్చిందంటే దిగులు. రూంలో అందరూ ఇళ్ళకు ఫోన్లు చేసి అన్నా, తమ్మీ, బావా అని అరుస్తుంటారు. అమ్మతో మాట్లాడటం అయిపోయాక నాకు పిలవడానికి ఇంకో వరస ఉండదు. రేపు నేను పోతే మైల ఎవరికి? ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

అందుకే ముత్తాత ఎటు పోయాడో వెతకడం మొదలుపెట్టాను. ఆయన మగ్గం నేసేవాడు. కరువులో భార్యనీ పెద్దకొడుకునీ వెంటబెట్టుకుని బొంబాయి వెళ్ళిపోయాడు. చిన్నకొడుక్కి ఒళ్ళు కాలిపోయే జ్వరం, అందుకని మేనమామ ఇంట్లో వదిలాడు. ఆ చిన్నకొడుకే మా తాత. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు, కబురూ లేదు.

సాలెవాళ్ళు ఏ ఊరు పోయినా మార్కండేయుడి గుడి కట్టుకోకుండా ఉండరు. బొంబాయిలో అలాంటి గుళ్ళన్నిటికీ ఫోన్ చేసి, మా ఇంటిపేరు చెప్పి అడిగేవాణ్ణి. అందరూ ఎరగమన్నారు. "యల్లా, కానియ్, ఇయ్యాల ఏ దేవునికి ఫోను?" అని ఏడిపించేవాడు మా రూంలో ఉండే హైదరాబాదీ భాయ్.

ఒక శుక్రవారం అమ్మతో మాట్లాడుతుంటే పక్కింటావిడ వచ్చింది. "దుబాయిలకెల్లి మావోడు" అని ఆవిడతో చెప్పింది అమ్మ.

"అమ్మా, నేనుండేది ఖతర్ల. ఎన్నిసార్లు చెప్పాలె?"

"ఏదైతేంది కొడుకా, ఆ దిక్కు దేశాలన్నీ మనకు దుబాయే గద."

విసుగ్గా ఫోన్ పెట్టేయబోయి ఆగాను. "మరి ముత్తాత పోయిన బొంబాయి?"

"బొంబాయంటే ఒక్క బొంబాయేనా? మగ్గాలు, మిల్లులు ఉన్న ఊరల్లా బొంబాయే అనేటోళ్లు మా అత్తోళ్లు."

ఇన్నాళ్ళూ ఆయన అడుగే పెట్టని ఊళ్ళో వెతికాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

మగ్గాలకి పేరున్న షోలాపూర్‌లో మార్కండేయుడి గుడికి ఫోన్ చేస్తే, పూజారికి మా ఇంటిపేరు తెలుసు. పవర్‌లూములు వచ్చాక ఆ ఇంటివాళ్ళు భీవండి పోయారన్నాడు. భీవండి గుడివాళ్ళు ఒకతని నంబరు ఇచ్చారు. నిజమైతే నాకు అన్న వరస కావాలి. అతనికి అనుమానం, నాకూ అనుమానమే. ఒకే ఇంటిపేరు ఎందరికో ఉంటుంది.

"మీ ఇంట్ల సొరకాయ తింటరా?" అని అడిగాడు.

"ఛీ, మా ఇంట్ల సొరకాయ గడప తొక్కది."

ఎందుకు తినమో మాకు తెలీదు. వాళ్ళకీ తెలీదట. "తమ్మీ" అన్నాడు అంతే, ఫోన్ వాళ్ళ నాన్న చేతికిచ్చాడు. ఆయన ముత్తాత పెద్దకొడుక్కి కొడుకు, మా నాన్నకు అన్న వరస, నాకు పెద్దబాపు. ముసలి గొంతు పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"జ్వరంల ఇడిసిపెట్టిన మా చిన్నబాపు బతికిండా?"

పోయాడని వాళ్ళకెవరో చెప్పారట. ఇక ఎవరికోసం రావాలని ఇటు తిరిగి చూడలేదట.

"బతికిండు పెద్దబాపూ. ఆయన మనుమణ్ణే నేను."

అవతల ఏడుపు. ఇవతల నేనూ. "సుట్టీ దొరకంగనే ముందుగాల ఈడికే రా బిడ్డా" అన్నాడు.

సెలవు ఇంకా దొరకనే లేదు, అన్న ఫోన్ చేశాడు. "బాపు పోయిండు తమ్మీ. నీకు గూడ మైల ఉంటది. ఆడనే తానం చెయ్యి."

నీళ్ళు పోసుకుంటూ ఏడ్చాను. చూడని మనిషి కోసం ఏడుస్తున్నానో, నాకూ మైల వచ్చినందుకు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఆ శుక్రవారం భాయ్ బిర్యానీ వండాడు. పెద్దబాపు పోయాడు, మైలలో తినకూడదని చెప్పాను.

"ఎన్నడన్న చూసినవా ఆయన్ని?"

"చూడలే."

భాయ్ గిన్నె మీద మూతపెట్టి, నాకోసం పప్పు పొయ్యి మీద పెట్టాడు.

పదోరోజున ఏషియన్ టౌన్‌లో సెలూన్‌కి వెళ్ళాను. గుండు గీస్తుంటే కళ్ళు కారడం మొదలైంది. కత్తి తగిలిందేమోనని నేపాలీ మంగలి కంగారుపడి చెయ్యి ఆపాడు.

"లగా క్యా, భాయ్?"

"మా పెద్దబాపు పోయిండు" అన్నాను, తెలుగులోనే. అతనికి అర్థం కాలేదు. తల ఊపి మళ్ళీ గీయసాగాడు. ఆ పొద్దున భీవండిలో మావాళ్ళంతా వరసగా కూచుని ఉంటారు. ఆ వరసలో నేనూ ఉన్నాను, ఇంత దూరంలో, ఒక్కణ్ణే.