మా ఇంటి చప్పిడి కూర

పోయిన వారం బిష్టుపూర్‌లో డాక్టరుగారు నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, ఇకమీదట ఉప్పు బాగా తగ్గించాలమ్మా అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తన మాట లెక్కచేయలేదనుకుని ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు గాని, నాకు గుర్తొచ్చింది మా నాన్న. ఇంటికొచ్చి సంగతి చెప్పగానే మా కోడలు మూత ఉన్న చిన్న స్టీలు గిన్నె ఒకటి తీసి పక్కన పెట్టింది. ఆ పూట నుంచీ నా కూర వేరుగా వండి అందులోనే పెడుతోంది.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ మాట్లాడే ఊరికి వచ్చి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర కుదురుకున్న మనిషి. అందరిలాగే తనూ దాన్ని భట్టీ అనేవాడు. ఆ వేడిలో పనిచేసేవాళ్ళకి చెమటతో పోయిన ఉప్పు తిరిగి రావాలని ఉప్పు బిళ్ళలు ఇచ్చే రోజులవి. డ్యూటీ దిగి మాంగో అనే పేటలోని మా ఇంటికి వచ్చేసరికి ఆయన చొక్కా వీపు మీద తెల్లటి చారలు కట్టి ఉండేవి, అమ్మ వాటిని దులిపి మరీ నీళ్ళలో వేసేది. కంపెనీ ఉప్పు తిన్న మనిషిననీ, అది మాటవరసకి కాదు నిజంగానే తిన్నాననీ నాన్న గొప్పగా చెప్పుకునేవాడు. కొన్నేళ్ళకి ఆయన్ని భట్టీ దగ్గర నుంచి స్టోర్సుకి మార్చారు. ఫ్యాను కింద కుర్చీ వచ్చింది, చెమట పట్టడం మానేసింది, ఉప్పు మాత్రం మానలేదు. పొద్దున్నే వంటింటి కిటికీలో గ్లాసుడు ఉప్పునీళ్ళు ఉండాల్సిందే, అన్నంలోకి ఆవకాయో ఎండుచేపో ఉండాల్సిందే, అవన్నీ ఉన్నా మొదటి ముద్దకే ఉప్పు సాల్లేదని అనాల్సిందే.

అలాంటి నాన్న ఒకరోజు జుగ్సలాయి బజారులో ఉల్లిపాయల సంచీ పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే తూలిపోయాడు. తెలిసినవాళ్ళు రిక్షాలో వేసి డాక్టరు దగ్గరికి తీసుకెళితే, బీపీ బాగా పెరిగిపోయిందనీ, ఉప్పు మానకపోతే పక్షవాతం రావచ్చనీ ఆయన గట్టిగానే చెప్పారు. ఆ మాట విని మా ఇంట్లో అందరం భయపడ్డాం, ఎందుకంటే మా పెదనాన్న అప్పటికే ఒక చెయ్యీ కాలూ పడిపోయి ఊళ్ళో మంచంలో ఉన్నాడు. నాన్నకి మాత్రం చెవికెక్కలేదు. భట్టీ మనిషికి ఉప్పే బలమనీ, డాక్టరు ఎప్పుడైనా భట్టీ ముందు నిలబడ్డాడా అనీ వాదించేవాడు. నిజానికి తనే నిలబడి చాలా కాలమైందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

అమ్మ వాదించలేదు. ఆవకాయ జాడీని వీధి చివర ఉన్న మా పిన్ని ఇంటికి పంపేసింది, ఎండుచేపలు కొనడం మానేసింది, కూరల్లో ఉప్పు తగ్గించి, నిమ్మరసం, వెల్లుల్లి, నువ్వులపొడి వేసి ఆ లోటు కప్పిపుచ్చాలని చూసేది. ఆ చప్పిడి తిండి పిల్లలందరికీ కూడా అదే. తమ్ముడు అలిగి కంచం నెట్టేస్తే, నాన్న వినకుండా మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళి చెప్పింది. "ఆయనొక్కడికే ఏరేగా వండితే రోగినైపోనాననుకుంటాడర్రా. అందరం తింటే అది మనింటి కూరే."

నాన్నకి ఈ సంగతి తెలియదు. తనకి చప్పిడి పెట్టి మేమంతా రుచిగా తింటున్నామని ఆయన అనుమానం. ఒక ఆదివారం మధ్యాహ్నం, బీరకాయ కూర మొదటి ముద్దకే ముఖం ముడుచుకుని, పక్కనే కూర్చున్న నా కంచంలో చెయ్యి పెట్టి, నేను కలుపుకున్న ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపి నా వైపు చూశాడు. "ఏటమ్మా, నీకూ ఇంతేనా?" అన్నాడు. నేను తలూపాను. తమ్ముడి కంచం వైపు, అమ్మ వైపు చూశాడు, తన కంచం ఖాళీ చేసి లేచాడు. మర్నాడు పొద్దున్న కిటికీలో ఉప్పునీళ్ళ గ్లాసు లేదు. కొన్నాళ్ళకి తనే నడక మొదలుపెట్టాడు, సువర్ణరేఖ వంతెన దాటి వెళ్ళి వచ్చేవాడు. పక్షవాతం ఆయన దరికి రాలేదు, చివరి వరకూ తన చేత్తోనే కలుపుకుని తిన్నాడు. ఉప్పు సాల్లేదనడం మాత్రం మానలేదు, ఆ మాట వినకపోతే మాకే అన్నం తిన్నట్టుండేది కాదు.

మా ఇంట్లో ఇప్పుడు అందరికీ ఆరోగ్యం మీద శ్రద్ధ ఎక్కువే. మా అబ్బాయి ఓట్స్ తింటాడు, ఎంత నడిచాడో చెప్పే గడియారం పెట్టుకుంటాడు, కోడలు రాత్రిపూట పళ్ళతో సరిపెట్టుకుంటుంది, మనవరాలు నా గిన్నెలోంచి ఒక చెంచా రుచి చూసి "ఫీకా హై దాదీ" అని, చప్పగా ఉందని నవ్వి తన నూడిల్స్ వైపు వెళ్ళిపోయింది. ఎవరినీ తప్పుపట్టను, ఎవరి డాక్టరు చెప్పింది వాళ్ళు చేస్తున్నారు, ఆ చిన్న గిన్నెలో కూర కూడా ప్రేమగానే వస్తుంది. అయినా తినడానికి కూర్చున్నప్పుడల్లా నాన్న చెయ్యి గుర్తొస్తుంది. నాకు రోగం ఉందని ఆ మూత తీసినప్పుడల్లా తెలుస్తోంది. నాన్నకి మా అమ్మ అది తెలియనివ్వలేదు.