ఖాళీ కానివ్వని సీసాలు

కరోనా రెండో ఏడు, పసుపు సీజన్ మొదలైన రోజుల్లో, రిటైర్మెంటుకు కొంచెం ముందు, నన్ను ఆర్మూరులోని ఒక ప్రైవేటు దవాఖానా ప్రసూతి వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. డ్రెస్సింగ్ ట్రాలీ మీద యాంటీసెప్టిక్ సీసా ఎప్పుడూ నిండుగా ఉండాలన్నది నా హుకుం. సగానికి దిగితే చాలు, పైనుంచి కొత్త మందు పోసేవాళ్లం. పాతది పారబోసి, సీసా కడిగి, స్టెరిలైజ్ చేశాకే నింపాలని చదువుకున్నదాన్నే. కానీ తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరు నిండు సీసాలు చూసి మెచ్చుకుంటే పొంగిపోయాను.

బాల్కొండ నుంచి వచ్చిన సుజాత అనే బాలింతకు సిజేరియన్ కుట్లు చీము పట్టాయి. ఒకటే జ్వరం. పాపకు పాలిచ్చే ఓపిక కూడా లేదు. తోడున్న అత్త గంగవ్వ పసుపు ఉడకబెట్టే పని మధ్యలో వదిలి వచ్చింది. ఎంత తోమినా ఆమె అరచేతుల పసుపు రంగు పోలేదు. అది చూసి, "కుట్ల మీద పసుపు పెట్టినవు గదా!" అని వార్డంతా వినేలా కేకలేశాను.

"పెట్టలే సిస్టరమ్మా, గీ పొల్ల మీద ఒట్టు" అని మొత్తుకుంది. నేను వింటేనా? వరండాలోకి పంపేశాను. మనవరాలిని ముట్టుకోనివ్వలేదు.

అయినా చీము తగ్గలేదు. పైగా పక్క మంచం బాలింతకూ అదే ఆకుపచ్చ చీము. ఆమెకు తోడున్న తల్లి బట్టలు కుట్టే మనిషి, పసుపు ఊసే లేదు. అప్పుడుగానీ నాకు మా మందు సీసా మీద అనుమానం రాలేదు. ఇద్దరి చీముతో పాటు మా సీసాలోని మందునూ కల్చర్ పరీక్షకు పంపాను. మూడింటిలోనూ ఒకటే క్రిమి, సూడోమోనాస్. కడగని సీసాలో మిగిలిపోయిన మందు బలం తగ్గుతుంది. దాన్ని తట్టుకున్న క్రిమి అందులోనే పెరుగుతుంది. పైన కొత్త మందు పోసినా దానికి లెక్కలేదు. దాన్నే మేము రోజూ దూదితో కుట్లకు పూశాం. ఛీ, ఏం నర్సును!

సీసాలన్నీ పారేయించాను. పరీక్షలో పనిచేస్తుందని తేలిన ఇంజెక్షన్ మొదలుపెట్టాక సుజాత జ్వరం దిగింది. తిట్టింది నలుగురిలో కాబట్టి, గంగవ్వను వార్డులోకి పిలిపించి, "తప్పు నీది కాదు గంగవ్వా, మాది" అని అందరి ముందే చెప్పాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, "గట్లయితే గిప్పుడు పొల్లను ఎత్తుకోవచ్చా సిస్టరమ్మా?" అని అడిగింది.

కుట్లు చీము పడితే ముందు మన సీసాను పరీక్షకు పంపాలి. బంధువులను అడగడం ఆ తర్వాత.