రెండు సీట్ల బండి బేరం

ఆ బండిని మొదటిసారి నాయుడుపేట దగ్గర హైవే మీద చూశాను. రొయ్యల మేత బస్తాలు వేసుకుని మా పికప్ వ్యాన్‌లో వాకాడు వైపు తిరిగి వస్తున్నాను. టీ కోసం ఆగిన చోట అది కూడా ఆగి ఉంది. నల్ల కారు, నా నడుము ఎత్తు కూడా లేదు. రెండే తలుపులు, రెండే సీట్లు. ముందు దీపాలు ఎక్కడున్నాయో కనపడలేదు. నున్నటి బానెట్ తప్ప అక్కడేమీ లేదు. దాని యజమాని వచ్చి స్టార్ట్ చేశాడు. అప్పటికే మబ్బు పట్టి చీకటిగా ఉంది. బానెట్ మీద రెండు మూతలు పైకి లేచి, వాటి కింద నుంచి దీపాలు బయటికొచ్చాయి. ఆ బండి మలుపు తిరిగి వెళ్ళిపోయాక కూడా నేను చాలాసేపు అటే చూస్తూ కూర్చున్నాను. నా టీ చల్లారిపోయింది.

నాకు అప్పటికి నలభై దాటాయి. వాకాడుకు తూర్పున, సముద్రం పక్కన మా నాన్న తవ్వించిన రొయ్యల గుంటలు ఆయన తర్వాత నేనే చూసుకుంటున్నాను. ట్రాక్టరు తోలతాను, పికప్ తోలతాను. మా ఆయన గూడూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. సైకిల్ తప్ప ఏదీ తోలడు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. నా పక్కన కూర్చుని రోడ్డు వెంట చెట్లు చూసుకుంటూ రావడం ఆయనకిష్టం.

ఆ కారు జపాన్‌లో తయారైందనీ, తయారీ ఎప్పుడో ఆగిపోయిందనీ తర్వాత ఫోన్‌లో వెతికి తెలుసుకున్నాను. మన దేశంలో ఉన్నవి చాలా కొద్ది. విదేశాల్లో పని చేసి తిరిగొచ్చినవాళ్ళు సామానుతో పాటు తెచ్చుకున్నవట. అలాంటిది మనకెందుకులే అనుకున్నాను. ఆ తర్వాత కొన్నేళ్ళు గుంటల్లో తెల్లమచ్చ రోగం పడి, బండి మాట అటుంచి గుంటలు నిలబడితే చాలనిపించింది. మళ్ళీ రెండు పంటలు వరసగా చేతికొచ్చిన ఏడు, ఒక సాయంత్రం గట్టు మీద నడుస్తూ మా ఆయనతో ఆ బండి సంగతి చెప్పాను.

ఆయన అడిగాడు. "పికప్‌కి ఏమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు. బాగానే ఉండాది."

"మరింకేంది?"

"నాకు ఆ బండి కావాల."

ఆయన ఇంకో నాలుగడుగులు వేసి, "సరే, యాడుందో చూడు" అన్నాడు.

చెన్నైలో పాత విదేశీ కార్లు అమ్మే ఒక డీలర్ దగ్గర ఎర్ర రంగుది ఉందని తెలిసింది. ఫోన్ చేస్తే, "సార్ ఉన్నారా మేడం, సార్‌కి ఇవ్వండి" అన్నాడు. సార్ కాలేజీలో ఉన్నారని చెప్పి ఫోటోలు తెప్పించుకున్నాను. ఆదివారం ఇద్దరం బయలుదేరాం.

పాత గోడౌన్‌కి ఏసీ పెట్టించి షోరూంగా మార్చాడు. వయసులో నాకన్నా చాలా చిన్నవాడు, మర్యాదస్తుడు. చెన్నైలో పుట్టి పెరిగినా తెలుగు బాగా మాట్లాడాడు. కాకపోతే మాట్లాడిందంతా మా ఆయనతోనే. ఇంజను గురించి, వేగం గురించి, కాగితాల గురించి చెబుతూ పోయాడు. మా ఆయన మొహమాటంగా తల ఊపుతున్నాడు. చివరికి, "సార్, ఒకసారి డ్రైవ్ చేసి చూస్తారా?" అని తాళం చెవి చాపాడు.

"నాకు సైకిలే వచ్చునండీ" అన్నాడు మా ఆయన. "కొనేది ఆమె. తోలేదీ ఆమే."

అదేదో సరదా మాట అనుకుని డీలర్ నవ్వాడు. నా వైపు తిరిగి, "కలర్ నచ్చిందా మేడం?" అన్నాడు.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. నేను నేల మీద మోకాళ్ళూని కూర్చున్నాను. గుంటల్లో నీటికి గాలి పట్టించే మోటార్లు విప్పినప్పుడు జారిపోయిన బోల్టులు ఏరడానికి ఒక అయస్కాంతం వాడతాం. దాన్ని చేతిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను. తలుపు కింది అంచు వెంట ఆనిస్తూ పోయాను. వెనక చక్రం దగ్గర అది పట్టుకోకుండా జారి నా ఒళ్ళో పడింది.

"ఈడ ఇనుము లేదు. పుట్టీ పెట్టి రంగు కొట్టినారు" అన్నాను.

"పాత బండ్లు కదా మేడం, అక్కడక్కడా..." అంటూ అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన అప్పటికే కిటికీలోంచి ఏదో చెట్టును చూస్తున్నాడు.

అక్కడి నుంచి నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు. సీటు కుట్లు ఊడినాయన్నాను. తివాచీ ఎత్తి కింద తుప్పు చూపించాను. "దీన్ని ఎవురు కొంటారు? మీ కాడ ఎంతకాలంగా పడుండాదో! మా అట్టాంటోళ్ళు రాకపోతే పాత ఇనుముకు పోయేదే గదా" అన్నాను. అతను తగ్గాడు. నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ తగ్గాడు. మేం తలుపు దాకా వెళ్ళాక వెనకే వచ్చి, మేం అనుకుని వచ్చినదానికన్నా కిందికి దిగి, "మీ మాటే కానివ్వండి మేడం, తీసుకెళ్ళండి" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి కారు వైపు చూశాను. పుట్టీ, తుప్పు, ఊడిన కుట్లు, ఇవే కనపడ్డాయి. గంట కింద లోపలికి రాగానే గుండె ఝల్లుమన్న బండి అది. అది ఇప్పుడు కనపడలేదు. ఆ మాటలన్నీ నేనన్నవే. అవి బేరం మాటలేనని తెలిసినా నా చెవుల్లోంచి పోవడం లేదు.

"ఆలోచించి చెబుతానబ్బయా" అని బయటికొచ్చేశాను.

వ్యాన్ ఎక్కాక మా ఆయన అడిగాడు. "అతను అంత దిగొచ్చినాడు గదా, వద్దంటివేంది?"

"నాకే తెలీలేదు" అన్నాను. అప్పటికి నిజంగానే తెలియలేదు.

తెలిసింది తర్వాతి పట్టుబడి రోజున, గుంటలో రొయ్యలు పట్టి అమ్మేటప్పుడు. మా రొయ్యలు కొనే వ్యాపారి ఏళ్ళ తరబడి ఒకాయనే. మంచివాడే, డబ్బు ఎగ్గొట్టిన మనిషి కాదు. వల లాగగానే నాలుగు రొయ్యలు అరచేతిలో వేసుకుని పెదవి విరిచాడు. "పెంకు మెత్తగుండాదక్కా. రంగు తేలిపోయింది. దీన్ని మావోళ్ళు తీసుకుంటారో లేదో" అన్నాడు. ప్రతిసారీ అనే మాటే. బేరం కోసమని ఇద్దరికీ తెలుసు. అయినా ప్రతిసారీ ఆయన వెళ్ళాక నేను ఇంటికి తెచ్చుకున్న రొయ్యల్ని పళ్ళెంలో పోసి, నిజంగానే రంగు తేలిందా అని దీపం కింద తిప్పి తిప్పి చూసుకునేదాన్ని. నాలుగు నెలలు పిల్లల్ని సాకినట్టు సాకిన సరుకు. ఆ సాయంత్రం అది నా కంటికి తక్కువగా కనపడేది. చెన్నైలో నేను ఆ ఎర్ర బండికి చేసింది అదే.

ఆ రోజు వ్యాపారితో, "ధర ఎంతో చెప్పన్నా. ఇష్టమైతే ఇస్తా, లేకుంటే లేదు. రొయ్యని మాత్రం ఏమీ అనొద్దు" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి నవ్వబోయి మానుకున్నాడు. ధర చెప్పాడు. అది ఎప్పుడూ ఇచ్చేదానికన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు.

కొన్నాళ్ళకు ఇంకో బండి గురించి కబురొచ్చింది. అదీ చెన్నైలోనే. ఈ రెండో డీలర్ డెబ్భై దాటిన మనిషి, ఇంటి వెనక షెడ్లలో నాలుగైదు కార్లు పెట్టుకుని ఏడాదికి ఒకటో రెండో అమ్ముతాడు. వాళ్ళ తాతల కాలంలోనే నెల్లూరు వైపు నుంచి వెళ్ళిన కుటుంబమట. "ఎవరు నడుపుతారు?" అని అడిగాడు. నేనన్నాను. అంతే, తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

ముదురు నీలం రంగు. నేను మోకాళ్ళ మీద కూర్చోబోతుంటే ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. "ఇంజను వేడెక్కే దాకా రెండో గేరు కిర్రుమంటుందమ్మా, తొందరపెట్టకూడదు. ఎడమ దీపం కుడిదానికన్నా ఆలస్యంగా లేస్తుంది. గట్టి వాన కురిస్తే పక్క సీటులో కూర్చున్నవాళ్ళ మోకాలి మీద చుక్కలు పడతాయి. ఎంత చేయించినా ఆగలేదు."

"ఆ మోకాలు నాదేనన్నమాట" అన్నాడు మా ఆయన.

ఊరి బయటి దాకా తోలాను. నేలకు జానెడు ఎత్తులో కూర్చున్నట్టుంది. ట్రాక్టరు మీద నుంచి కిందికి చూడటం అలవాటైన దాన్ని. ఇక్కడ లారీ చక్రాలు నా తల పక్కన తిరుగుతున్నాయి. భయమేసింది, నవ్వూ వచ్చింది. చెయ్యి ఇలా కదిపితే చాలు, బండి మొత్తం ముందే తెలిసినట్టు తిరుగుతోంది. తిరిగొచ్చేసరికి నా చెంపలు నొప్పి పెడుతున్నాయి. దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నానని మా ఆయన చెప్పాడు.

బేరానికి కూర్చున్నాం. తక్కువ చేసి మాట్లాడటానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఉన్న లోపాలన్నీ ఆయనే చెప్పేశాడు. "కొంచెం చూసి చెప్పండయ్యా" అన్నాను, అంతే.

"ధర సంగతి తర్వాతమ్మా. బండి ఎక్కడ పెడతావు?"

"ఇంటి ముందు షెడ్డు ఉండాది."

"సముద్రం ఎంత దూరం?"

పక్కన మా ఆయన ఊపిరి పీల్చడం వినిపించింది. ఏదో సర్దిచెప్పబోతున్నాడని తెలిసింది. "షెడ్డులో నిలబడితే అలల మోత వినిపిస్తదయ్యా" అన్నాను.

పెద్దాయన లేచి బండి మీద గుడ్డ కప్పేశాడు. "వద్దమ్మా. ఏమీ అనుకోవద్దు. ఉప్పుగాలి దాన్ని తినేస్తుంది. నేను అమ్మలేను."

తిరుగు దారి పొడుగునా మండిపడ్డాను. "డబ్బిచ్చి కొంటుండా. యాడ పెట్టుకుంటే ఆయనకేంది?"

సూళ్ళూరుపేట దాటాక మా ఆయన నా వైపు తిరిగాడు. "ఆయన చెప్పింది అబద్ధమా?" అన్నాడు.

అబద్ధం కాదు. మా ఇంటి గేటుకు ఏటేటా రంగు వేస్తాం, ఏటేటా అది పొలుసులుగా లేస్తుంది. మోటారు మూతలు చేత్తో నలిపితే పొడి అయిపోతాయి. పికప్ అడుగు రేకు రెండుసార్లు మార్చాం. పుట్టినప్పటి నుంచి ఆ గాలిలోనే ఉన్నాను కాబట్టి, వస్తువులంటే అంతేననుకున్నాను. అరిగిపోవడం వాటి గుణమనుకున్నానే గాని, మా ఊరి గాలి గుణమని ఎప్పుడూ అనుకోలేదు.

వారం తర్వాత మా ఆయనే దారి చూపించాడు. గూడూరులో మా అత్త ఒక్కతే ఉంటుంది. ఇంటి ముందు భాగంలో మా మామ ఒకప్పుడు బియ్యం కొట్టు నడిపిన గది ఉంది. షట్టరు, సిమెంటు నేల, మూడు వైపులా గోడలు. సముద్రపు గాలి అంత దూరం అంత బలంగా రాదు. ఇప్పుడు అందులో చింతపండు బుట్టలు, పాత మంచాలు ఉన్నాయి.

ఇద్దరం వెళ్ళి అడిగాం. అత్త అంతా విని, "గది ఇస్తాలే. నాకేమొస్తది?" అంది.

"అమ్మా!" అన్నాడు మా ఆయన.

"నువ్వుండు. ఇది మా ఇద్దరి బేరం" అని నా వైపు తిరిగింది. "ఆదివారం నన్ను దాంట్లో చర్చికి తీసుకుపోవాల. కొనుక్కొచ్చినాక మొదటిసారి ఎక్కేది నేనే. వీడు కాదు."

ఒప్పుకున్నాను. గది ఖాళీ చేసి, సున్నం వేయించి, ఫోటోలు పెద్దాయనకు పంపాను. జవాబు రాలేదు. నాలుగు రోజులకు పొద్దున రైలు దిగి తనే వచ్చాడు. గోడల మీద అరచెయ్యి ఆనించి చెమ్మ చూశాడు. షట్టరు రెండుసార్లు లేపి దించాడు. మా అత్త పెట్టిన చేపల పులుసు మారు వడ్డించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక, "ఎంత తగ్గించమంటావమ్మా?" అన్నాడు.

నోటి దాకా ఒక అంకె వచ్చింది. ఎందుకో ఆగిపోయాను. "మీరే చెప్పండయ్యా" అన్నాను.

అవతలి మనిషి నోటికి ధర వదిలేయడం నా జీవితంలో అదే మొదలు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గట్టు మీద నేర్చుకున్నదంతా అలా చెయ్యకూడదనే. ఆయన ఒక అంకె చెప్పాడు. నేను అడగాలనుకున్న దానికన్నా ఎక్కువే. కానీ న్యాయంగా ఉంది. సరేనన్నాను.

చెన్నై నుంచి బండిని నేనొక్కదాన్నే తోలుకొచ్చాను. అత్తకు ఇచ్చిన మాట ప్రకారం మా ఆయన రైల్లో వచ్చాడు.

ఆదివారం అత్త పట్టుచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడింది. ఎక్కించడం సులువే, కూర్చోబెడితే జారిపోయింది. వీధి మలుపుల్లో నేను మెల్లగా పోతుంటే, "ఇంతేనా ఇది పొయ్యేది?" అంది. హైవే ఎక్కించి కొంచెం దూరం గట్టిగా తోలి తిప్పుకొచ్చాను. రెండు చేతులతో బైబిలు పట్టుకుని కళ్ళు మూసుకుంది. కానీ ఆపమనలేదు.

చర్చి ముందు దించబోతేనే వచ్చింది ఇబ్బంది. సీటు అంత కిందికి ఉంది, ఆమె మోకాళ్ళు లేవనివ్వలేదు. సైకిల్ మీద ముందే వచ్చిన మా ఆయన ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టి లాగాం. సగం లేచి మళ్ళీ కూలబడి పకపకా నవ్వింది. "ఉండనీండి రా. ఈడే కూర్చుంటా. పాటలు వినిపిస్తాయిలే" అంది.

మా ఆయన లోపలికి వెళ్ళాడు. నేను ఆమె పక్కనే కూర్చుండిపోయాను. అద్దాలు దించాం. తెలిసిన పాట వచ్చినప్పుడల్లా ఆమె సన్నగా గొంతు కలిపింది. ప్రసంగం మధ్యలో నిద్రపోయింది. ఆరాధన అయ్యాక జనం చుట్టూ చేరారు. పిల్లలు బానెట్ మీద తమ మొహాలు చూసుకున్నారు. ఆమె కోసం పాస్టరు గారు వచ్చి ముందు వంగారు, అందలేదు. చివరికి తెల్ల అంగీతో రోడ్డు మీద ఒక మోకాలు ఆనించి, కిటికీలోంచి ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు వంచారు. నేనూ స్టీరింగ్ మీద చేతులుంచి తల వంచాను.