అడిగానని చెప్పాను

బోస్టన్ చూడడానికి వెళ్లినప్పుడు, అక్కడి ఇటాలియన్ వీధిలో ఓ పాత మిఠాయి కొట్టుకు నేనూ నా భార్యా వెళ్లాం. తను కోడిగుడ్డు తినదు. "ఎగ్ వేస్తారేమో కనుక్కోండి" అని చెప్పి టేబుల్ వెతకడానికి వెళ్లింది.

నా వంతు వచ్చేసరికి వెనక పాతికమంది ఉన్నారు. కౌంటర్‌లోని పెద్దావిడ "నెక్స్ట్!" అని అరుస్తోంది. ఇన్నేళ్లు ఈ దేశంలో ఉండి కూడా, అంతమంది ముందు ఆ చిన్న ప్రశ్న అడగడానికి నాకు సిగ్గేసింది. రెండు కాఫీలు, రెండు కనోలీలు తీసుకుని వచ్చేశాను. వేయించిన గొట్టాల్లో తీపి చీజ్ కూరిన మిఠాయి అది.

"అడిగారా?"

"అడిగాను. ఎగ్ లేదట."

తను నమ్మి, ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఉండు, ఫోటో తీస్తా" అన్నాను, కాసేపైనా ఆపుదామని. తను నవ్వుతూ ఫోటోకి కూర్చుని, తర్వాత దాన్ని నోటి దగ్గర పెట్టుకుంది.

"తినకు. నేను అడగలేదు."

తను దాన్ని మెల్లగా ప్లేట్లో పెట్టింది. "మరి మీ ఆఫీస్ పార్టీలో కేక్? అదీ అడిగానన్నారుగా?"

ఆ రోజు తను రెండు ముక్కలు తింది. నేను తల దించుకున్నాను.

తను లేచింది. నేనూ లేవబోతే, "మీరు కూర్చోండి, నేనడుగుతా" అని వెళ్లి, క్యూలో చివర నిలబడింది.